సముద్రపు ఆవు దర్శనానికి అరగంట

డెబ్బై నాలుగో సంవత్సరంలో వానలు వెనకబట్టాక నన్ను పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్ సబ్ ఆఫీసుకి ఇన్‌స్పెక్టరుగా వేశారు. శాఖ పేరు చెప్పను. చెబితే నా పెన్షన్‌కి వచ్చే ఇబ్బందేమీ లేదు గానీ, ఇన్నాళ్ళు తిండి పెట్టిన చెయ్యి కదా, మర్యాద కోసం ఊరుకుంటున్నాను. పడవల రిజిస్ట్రేషన్లు, వలల లైసెన్సులు, తీరంలో ఎవరు ఎక్కడ వల వెయ్యొచ్చో చూడటం మా పని. ఆఫీసంటే ఒక రేకుల షెడ్డు, నేను, ఒక గుమాస్తా, ఒక టైపు మిషను. ఆ మిషనుకి ఒక అక్షరం విరిగిపోయింది. ఆ అక్షరం వచ్చిన చోటల్లా చేత్తో రాసుకునేవాళ్ళం.

నా భార్య, రెండేళ్ళ కూతురు పోర్ట్ బ్లెయిర్ పక్కన బ్రూక్షాబాద్‌లో మా మామగారింట్లో ఉండేవారు. ఓడ దొరికిన నెలలో వెళ్ళొచ్చేవాణ్ణి. దొరకని నెలలో ఉత్తరం రాసేవాణ్ణి, ఆ ఉత్తరమూ అదే ఓడ కోసం కూర్చునేది. నేను మూడోసారి వెళ్ళినప్పుడు మా అమ్మాయి నన్ను చూసి ఏడ్చి వాళ్ళ తాతయ్య వెనక దాక్కుంది. తిరిగొచ్చిన రోజే ట్రాన్స్‌ఫర్‌కి అర్జీ పెట్టుకున్నాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చేసిన పనికి ఇది తప్ప వేరే గొప్ప కారణమేదీ లేదు.

జనవరిలో పోలీసు వైర్‌లెస్ మీద ఒక సందేశం వచ్చింది. ఢిల్లీ నుంచి ఒక పెద్ద అధికారి సతీసమేతంగా దీవులకి వస్తున్నారు, అరుదైన సముద్రపు ఆవును చూడగోరుతున్నారు, కాబట్టి తగిన ఏర్పాట్లు చేయవలసింది అని. సర్కారులో ఈ ‘తగిన’ అన్న మాటంత తెలివైనది ఇంకొకటి లేదు. పని చెడితే చేసిన ఏర్పాట్లు తగినవి కావని తేలుతుంది. పని బాగుంటే ఏర్పాట్లు చేసినవాడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాడని తేలుతుంది.

సముద్రపు ఆవంటే తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. మనిషికంటే పొడుగ్గా, పీపాలాగా ఉండే జంతువు. ముట్టె మీద మొరటు వెంట్రుకలు. చేప కాదు, పిల్లకి పాలిచ్చి పెంచుతుంది. లోతులేని నీళ్ళలో నేల మీద పెరిగే గడ్డి తింటూ, కొన్ని నిమిషాలకోసారి ఊపిరి కోసం ముక్కు పైకి పెడుతుంది. దీవుల్లో దాన్ని పానీసువ్వర్ అంటారు, అంటే నీటిపంది. ఢిల్లీకి ఆవు, మాకు పంది. దానికి మాత్రం రెండింటి మీదా అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు.

అది ఎక్కడ తిరుగుతుందో చెప్పగలిగిన మనిషి ఆ తీరంలో ఒక్కడే, ఎర్రయ్య. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి జాలరి కుటుంబాలను తెచ్చి దీవుల్లో దింపినప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని వచ్చాడట. ఇప్పుడు జెట్టీ ఉన్న బేలో, అంటే సముద్రం ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన వంపులో, పన్నెండు కుటుంబాలకి పెద్ద. వాళ్ళ ఇళ్ళు, పడవలు, వలలు అన్నీ ఆ బే ఒడ్డునే. నేను వెళ్ళి అడిగితే వల కుట్టడం ఆపలేదు.

“సూపిత్తే మా వలలు బంద్ సేసేత్తారు కదేటి సారూ?” అన్నాడు.

అడవి జంతువుల చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. సముద్రపు ఆవు కనబడిన ప్రతి చోటా వల నిషేధిస్తారని తీరమంతా పుకారు. అది పుకారు కాదనీ, అలాంటి ప్రతిపాదన నా బల్ల మీదే ఉందనీ నాకు తెలుసు. అయినా అలాంటిదేమీ లేదన్నాను. నమ్మాడో, నా మీద జాలిపడ్డాడో గానీ చెప్పాడు.

“ఈ బేకి రాదండి అది. ఆ కొండ మూల దాటితే ఇంకో బే ఉంది గదా, పోటెక్కినప్పుడు అక్కడికొస్తాది గడ్డికి. ఇంజిన్ సౌండయితే సీదా భాగిపోద్ది. నాటుపడవలో, గెడ ఏసుకుని, సుప్‌చాప్ కూకోవాలి. దిగితే మోకాల్లోతు బురద.”

ఇదే నేను ప్లానులో రాసి పంపాను. కొండ అవతలి బే, పోటు సమయం, ఒక నాటుపడవ, నలుగురికి మించకుండా జనం.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆమోదం పొంది తిరిగొచ్చిన టూర్ ప్రోగ్రాంలో నా ప్లాను లక్షణంగా ఉంది, చోటు, సమయం, పడవ, జనం తప్ప. మా శాఖలో దిగడం రెండు రకాలు. జెట్టీ మీద బూటు తడవకుండా దిగితే డ్రై ల్యాండింగ్, నీళ్ళలో కాలు పెట్టి దిగితే వెట్ ల్యాండింగ్. ఫలానా హోదా దాటినవారికి వెట్ ల్యాండింగ్ పెట్టకూడదు. కొండ అవతల జెట్టీ లేదు. కాబట్టి సముద్రపు ఆవు జెట్టీ ఉన్న బేకి రావాలని నిర్ణయమైంది. పోటు తెల్లవారుజామునా సాయంత్రమూ ఉంది, కానీ పెద్దాయన టిఫిను తొమ్మిదిన్నరకి. అందుచేత ‘పదిన్నర నుంచి పదకొండు: సముద్రపు ఆవు దర్శనం’ అని టైపు చేశారు. ఆ కింద ‘పదకొండు: కొబ్బరినీళ్ళు’. రెండో అంశం మీద నాకు పూర్తి నమ్మకం ఉండేది.

వచ్చిన రోజున రెండు ఇంజిన్ బోట్లు, పాతికమంది పరివారం, బడిపిల్లల బ్యాండు. మా అసిస్టెంట్ డైరెక్టరు, అంటే నా పై అధికారి, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని వాటిని ఎవరికీ ఇవ్వకుండా తిరిగారు. ఆటు నడుస్తోంది, నీళ్ళు తగ్గిపోతున్నాయి. పది నలభైకి అందరూ సముద్రంకేసి చూశారు, పది యాభైకి అందరూ నాకేసి చూశారు. అప్పుడు అమ్మగారు చెయ్యి చాచి “వో దేఖియే!” అన్నారు.

దూరంగా గోధుమరంగు వీపొకటి అలలో లేచింది, మునిగింది, మళ్ళీ లేచింది. అసిస్టెంట్ డైరెక్టరు బైనాక్యులర్స్ పెట్టకుండానే, “సాఁస్ లే రహా హై, సర్” అని వివరించారు, అంటే ఊపిరి తీసుకుంటోందని. పెద్దాయన టోపీ తీశారు. బ్యాండు మొదలైంది. అంత చప్పుడుకీ బెదరకపోవడం ఆ జాతి ప్రత్యేకతగా ఎవరో నోట్ చేసుకున్నారు.

ఎర్రయ్య నా పక్కనే బోటు తాడు పట్టుకుని నిలబడ్డాడు. “సారూ, అది దుంగండి. మొన్న రాఫ్ట్ తెగిపోనాది గదా, దాంది,” అన్నాడు గొంతు తగ్గించి. కలప దుంగలను కట్టగట్టి సముద్రం మీద లాక్కెళ్ళేవారు, దాన్నే రాఫ్ట్ అంటారు. నాకూ కనబడుతూనే ఉంది. ఒక కొసన గొడ్డలి గాటు కూడా కనబడుతోంది. ఊరుకోమని సైగ చేశాను.

సాయంత్రం గెస్ట్ హౌస్‌లో అసిస్టెంట్ డైరెక్టరు నా ముందు సైటింగ్ రిపోర్టు పెట్టారు. జంతువు ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని, ఏం చేస్తూ కనబడిందీ రాసి, చూసిన అధికారి సంతకం చేసే ఫారం అది. ‘ఏం చేస్తూ’ దగ్గర ‘విశ్రాంతి’ అని ముందే నింపి ఉంది, అది మాత్రం నిజమే. అది దుంగేమో సర్ అని నసిగాను. ఆయన కోప్పడలేదు. నా ట్రాన్స్‌ఫర్ అర్జీ తన దగ్గరే ఉందని, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు తండ్రి దగ్గరుండటం ముఖ్యమని చాలా ఆప్యాయంగా అన్నారు. సంతకం పెట్టాను. పెన్ను కూడా ఆయనదే.

మార్చిలో ఆర్డరు వచ్చింది. సముద్రపు ఆవు కనబడినట్టు రుజువైనందున జెట్టీ బేలో వలలు నిషేధం. అక్కడి పన్నెండు కుటుంబాలు కొండ అవతలి బేలో వల వేసుకోవచ్చు, ఆ బేలో సదరు జంతువు ఉన్నట్టు దాఖలాలు లేవు. దాఖలా నా మొదటి ప్లానులో ఉంది. అది ఆమోదం పొందలేదు కాబట్టి దాఖలా కాదు.

ఎర్రయ్య ఆర్డరు కాగితం పట్టుకుని వచ్చాడు. చదవడం రాదు, మనవరాలి చేత చదివించుకున్నాడట.

“దుంగ తిరిగే కాడ దుంగకి జాగా ఇచ్చేరు. పానీసువ్వర్ తిరిగే కాడ మమ్మల్ని వలలేసుకోమన్నారు. అది వల్లో పడితే కేసు మామీదే గదా సారూ? ఏటి సెయ్యాల మేం, గడ్డి తినాలా?”

రాస్తానన్నాను. రాశాను కూడా. నేను చూసింది జంతువు కాదు, దుంగ అని నాలుగు వాక్యాలు. టైపు చేసి, విరిగిన అక్షరాలన్నీ చేత్తో పూర్తిచేసి, సొరుగులో పెట్టాను. ఏప్రిల్లో ట్రాన్స్‌ఫర్ల జాబితా వస్తుంది, వచ్చాక పంపుదామనుకున్నాను. నెల రోజుల్లో ఏం మునిగిపోతుందిలే అని.

మూడో వారంలో మునిగింది. కొండ అవతలి బేలో ఎర్రయ్య నైలాన్ వలలో ఒక తల్లి సముద్రపు ఆవు చుట్టుకుపోయింది. పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చచ్చిపోయింది. నేను వెళ్ళేసరికి దాన్ని ఒడ్డుకి లాగారు. పిల్ల మాత్రం నడుంలోతు నీళ్ళలో ఆ వల చుట్టూనే తిరుగుతోంది, తరిమినా పోవడంలేదు. దీవుల్లో అన్నేళ్ళున్నా బతికున్న సముద్రపు ఆవును నేను దగ్గరగా చూడటం అదే మొదలు. అంత సిగ్గు నేను అంతకు ముందూ ఎరగను, ఆ తర్వాతా ఎరగను.

కేసు పెట్టాల్సింది నేనే, ఆఫీసుకి తిరిగొచ్చి ఫారం ముందేసుకున్నాను. ఎర్రయ్య పడవ, వలలు జప్తు చేసి, నిందితుడి గడిలో అతని పేరు రాయాలి. శిక్ష పడితే జైలు, లైసెన్సు రద్దు. ఇంకో గడిలో ‘జంతువు ఉన్న చోటని నిందితుడికి ముందే తెలుసా?’ అని ఉంది. తెలుసు. ఆ సంగతి నాకు చెప్పిందే అతను. ఆ రాత్రి కాదు, ఆ నిమిషంలోనే సొరుగు తీసి నాలుగు వాక్యాలకీ మరో రెండు కలిపాను: జంతువు ఎక్కడుందో నిందితుడు జనవరిలోనే నాకు చెప్పాడని, నేను తెలిసి తప్పుడు రిపోర్టు మీద సంతకం చేశానని. కేసు కాగితాలకి జతచేసి పంపాను.

కేసు ఎత్తేశారు. నా నిజాయితీకి మెచ్చి ఎత్తేశారని ఎవరైనా అనుకుంటే అది వారి మంచితనం. కేసు నడిస్తే దుంగను చూసి టోపీ తీసిన పెద్దాయన్ని ఢిల్లీ నుంచి సాక్షిగా పిలవాల్సి వస్తుందని ఎవరికో తట్టింది. రెండు బేల పేర్లు తారుమారయ్యాయని, అది టైపు పొరపాటని సవరణ ఆర్డరు వేశారు. జాలర్లు జెట్టీ బేకి తిరిగొచ్చారు. పరిశీలనా శక్తి లోపించినందుకు నాకు మెమో ఇచ్చారు. ఏప్రిల్ జాబితాలో నా పేరు లేదు, ఆ పైన మూడేళ్ళ జాబితాల్లోనూ లేదు. అసిస్టెంట్ డైరెక్టరు గారికి ప్రమోషన్ వచ్చింది.

వలలు విడిపించుకోవడానికి ఎర్రయ్య ఆఫీసుకొచ్చాడు. రసీదు మీద వేలిముద్ర వేసి, వలలు భుజానేసుకుని, గుమ్మం దగ్గర ఆగాడు. “ఈ ముక్క పంపడానికి ఆ తల్లి సావాల్సొచ్చిందేటి సారూ,” అన్నాడు. కోపంగా అనలేదు, అడిగాడంతే. ఆ పిల్ల ఏమైందని నేను అడిగితే, రెండ్రోజులు తిరిగి తర్వాత కనబళ్ళేదని చెప్పి వెళ్ళిపోయాడు.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు సలహా అడిగితే ఇప్పటికీ ఒకటే చెబుతాను. తప్పుడు సంతకం పెట్టకుండా అందరూ తప్పించుకోలేరు, నేనూ తప్పించుకోలేదు. పెట్టాక దిద్దుకునే కాగితం రాస్తే మాత్రం రాసిన రోజే పంపాలి. సొరుగులో ఉన్నంతకాలం అది ఎవరినీ కాపాడదు, రాసినవాడికి నిద్ర పట్టించడం తప్ప.