గాయపడ్డవాళ్ళ పతకం

వెల్లింగ్టన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో నాకు మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ పతకాలు పోగుచేసే పిచ్చి పట్టింది. ఒకటి రెండు గాయాలైన సైనికులకిచ్చే నల్ల బ్యాడ్జి డునెడిన్ అనే ఊళ్ళో ఒక ముసలాయన దగ్గరుందని తెలిసి, మా ఆవిడతో కలిసి విమానంలో వెళ్ళాను.

ఆయన టీ ఇచ్చి, "నీకెక్కడ గాయమైంది?" అని అడిగాడు. గాయపడనివాళ్ళకి ఇవ్వడట.

అపెండిక్స్ ఆపరేషన్ మచ్చ చూపించాను. భూతద్దంతో చూసి, "ఇది డాక్టర్ కోసింది. శత్రువు చేసినది కావాలి" అన్నాడు.

"మోకాలు చూపించండి, మనూళ్ళో స్కూటర్ మీంచి పడ్డాం కదా" అంది మా ఆవిడ, ఫ్లైట్ టైమవుతోందని.

"గుద్దిందెవరు?" అన్నాడాయన.

"గేదె."

ఆయన భూతద్దం నా మోకాలి మీదికి తెచ్చాడు. "కావాలనే గుద్దిందా?"

"వెనక్కి తిరిగొచ్చి మరీ గుద్దింది" అంది మా ఆవిడ.

ఆయన లేచి, బ్యాడ్జి నా స్వెటర్‌కి గుచ్చి, చెయ్యి కలిపాడు. నాకెందుకో కళ్ళు చెమర్చాయి. తర్వాత, "మరి నీకేం తగల్లేదా?" అని ఆమెనడిగాడు.

ఆమె మోచెయ్యి, మణికట్టు, గడ్డం కింద కుట్లు చూపించింది. మూడు గాయాలకి వెండిదే ఇవ్వాలంటూ ఆయన లోపలికెళ్ళాడు.