ఉమ్మడి డ్రైవు పంపకం

మా చిన్నప్పుడు... సాయంత్రం కరెంటు రాగానే మా చేవెళ్ల ఇంట్లో అందరికంటే ముందు లేచేది సర్వరే. వడ్ల బస్తాల గదిలో ఓ మూల, మానిటర్ లేని పాత సీపీయూ. గుర్రుమంటూ మొదలయ్యేది... అవ్వ దాన్ని "బొమ్మ రాని టీవీ" అనేది.

దాన్ని పెట్టింది మా చిన్నాయన. మొయినాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఆయనది. మాది ఒకే వాకిలి, రెండు వాటాలు... ఒకటి మాది, ఒకటి చిన్నాయనది. బట్టలారేసే దండెం వెంట నీలం కేబులు లాగి, రెండు వాటాల కంప్యూటర్లనూ ఆ సర్వరుకు కలిపాడు. తెర మీద ‘ఉమ్మడి’ అనే డ్రైవు కనిపించేది. నొక్కితే తెరుచుకునేది. పాస్‌వర్డ్ లేదు... అప్పట్లో మా వంటింటికి గొళ్లెం కూడా లేదు.

అందులో పెళ్లి ఫొటోలు, నా గేములు, బాపు వార్డు మెంబరుగా నిలబడ్డప్పటి ప్రచార పాట (ఓడిపోయాక కూడా తీసెయ్యనివ్వలేదు). ఇంకా ‘అవ్వ’ అని ఒక ఫోల్డరు. అవి చిన్నాయన ఫోన్లో రికార్డు చేసినవి... కందికాయలు ఒలుస్తూ అవ్వ చెప్పిన ముచ్చట్లు, మేకను తిట్టిన తిట్లు, పేరుపేరునా మమ్మల్ని అన్నానికి పిలిచిన పిలుపులు.

అవ్వ పోయాక, బాపు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని నేరుగా ఆ ఫోల్డరు తెరిచేవాడు. గోడ అవతల చిన్నాయన కూడా అదే తెరిచేవాడు. ఒక్కోసారి అవ్వ రెండు ఇళ్లలోనూ ఒకేసారి మాట్లాడేది... కాస్త వెనకాముందుగా.

తర్వాత మా వైపు భూముల ధరలు లేచాయి. అన్నదమ్ములు వేరుపడ్డారు.

పంచాయితీ మా వాకిట్లోనే జరిగింది. పొలం పంచారు. ట్రాక్టరు పంచారు. బోరు నీళ్లకు వంతులు పెట్టారు. చివరికి ‘ఉమ్మడి’ డ్రైవు వంతు వచ్చింది...

"అది పంచుకునుడెందుకు, కాపీ చేస్తే ఇద్దరికి వస్తది" అన్నాడు చిన్నాయన.

పెద్దమనిషిగా కూర్చున్న మాజీ సర్పంచి తల అడ్డంగా ఊపాడు. "ఒక్క ప్లాటుకు రెండు కాయితాలు పుట్టిచ్చుడు గిట్లనే షురూ అయితది. కాపీ గీపీ నడువది. అసలు ఒక్కటే ఉండాలె, ఒక్కని దగ్గర్నే ఉండాలె."

మా దగ్గర ఈ మాటకు తిరుగులేదు. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మినవాళ్ల చేతిలో మోసపోని మనిషి ఆ వాకిట్లో లేడు. కాపీ అంటే వాళ్లకు కోర్టు మెట్లు గుర్తొస్తాయి. అందరూ గంభీరంగా తలలూపారు. బాపు కూడా ఊపాడు. కంప్యూటర్ల మీదే బతికే చిన్నాయన కూడా, చివరికి, ఊపాడు.

నాకు కోపం అక్కడ మొదలైంది. ఇంకా దిగలేదు.

ఫొటోలు బాపుకు. ఆఖరి రోజుల్లో చిన్నాయన వాటాలో అన్నం తిన్నది కాబట్టి అవ్వ చిన్నాయనకు. అందరి ఎదుట మా కంప్యూటర్లోకి ఫొటోలు వచ్చాయి, సర్వరు డిస్కు చిన్నాయనకు వెళ్లింది.

"ఇటు వాళ్లది గాని, అటు వీళ్లది గాని ఏమన్న మిగిలిందా?" అని అడిగాడు మాజీ సర్పంచి.

"లేదు" అన్నాడు చిన్నాయన.

"మంచిది."

మర్నాడు బాపు అలవాటు కొద్దీ ‘ఉమ్మడి’ మీద నొక్కాడు. ‘మీకు అనుమతి లేదు, అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి’ అని వచ్చింది. ఆ అడ్మినిస్ట్రేటర్ గోడ అవతల వేపపుల్ల నములుతున్నాడు. మా బాపు ప్రపంచంలో ఎవరినైనా సంప్రదిస్తాడు, ఆయన్ని తప్ప.

చిన్నాయన మొయినాబాద్‌కు మారిపోయాడు. నేను అక్కడే ఇంజనీరింగులో చేరి, కాలేజీ అయ్యాక ఆయన దుకాణానికి వెళ్లి అడిగేవాణ్ని.

"మీ బాపును అడుగుమను. గప్పుడిస్త."

ఇంటికొచ్చి బాపును అడిగేవాణ్ని.

"నేనెందుకడుగుత? తమ్ముడన్నోడు తనే తెచ్చియ్యాలె."

నెట్‌వర్కింగులో నాకు డిగ్రీ ఇచ్చారు. ఈ రెండు యంత్రాలను కలిపే పాఠం మాత్రం ఏ సెమిస్టరులోనూ లేదు.

పోయిన నెల ఒక పొద్దున బాపు చాయ్ గ్లాసు పట్టుకుని అలా కూర్చుండిపోయాడు. "అవ్వ నన్ను ఎట్ల పిలుస్తుండెరా... గొంతు యాదికొస్తలేదు" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "పోయి తీస్కరా. నేనే అడిగిన అని చెప్పు."

బండి తీసుకుని పరుగున వెళ్లాను. చిన్నాయన మొహం వెలిగిపోయింది. "అన్న అడిగిండా? నిజంగనే?" బీరువాలోంచి డిస్కు తీశాడు. పట్టుగుడ్డలో చుట్టి, చుట్టూ కలరా ఉండలు వేసి పెట్టాడు. పట్టాదారు పాసుబుక్కుకు కూడా అంత మర్యాద చేసి ఉండడు. అసలు ఒక్కటే కదా, అరిగిపోతుందని పంపకమయ్యాక తను కూడా ఎన్నడూ పెట్టి వినలేదట.

కేబులు పెట్టాడు. టక్... టక్... టక్... అంతే. తీసి మళ్లీ పెట్టాడు. వేరే కంప్యూటరుకు పెట్టాడు. జీవితమంతా ఊళ్లోవాళ్ల డిస్కులు బాగుచేసిన మనిషి, డిస్కు పోయిందనే ఆ శబ్దం అర్థం ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"గింత పైలంగ పెట్టిన గదరా..."

ఆయన్ని తిడదామని నోరు తెరిచాను. రాలేదు. అందుకే ఇక్కడ తిడుతున్నాను... తలలూపిన ప్రతి పెద్దమనిషినీ, నువ్వడుగు అంటే నువ్వియ్యి అని భీష్మించుకున్న ఆ ఇద్దరినీ. కాపీ తీయడమంటే చాయ్ తాగేంతసేపు పట్టే పని.

ఇప్పుడు మా ఇంటి గ్రూపులో పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ గులాబీలు... ఒకే గులాబీని ఎవరూ అడక్కుండానే అందరూ అందరికీ పంచుతారు. ప్రతి ఫోనూ నిండిపోయింది. అవ్వ మాత్రం ఎవరి దగ్గరా లేదు.

మీ ఇంట్లో కూడా పోయినవాళ్ల గొంతు ఎవరో ఒక్కరి దగ్గరే ఉందా... పౌరుషం పక్కన పెట్టి ఈ పూటే వెళ్లి అడగండి. విన్నాక, ఏమని పిలిచారో కింద రాయండి. నాకు కుళ్లుగానే ఉంటుంది... అయినా రాయండి.