చుంగిల్ నేర్పిన 'నో'

సిడ్నీలో బ్లాక్‌టౌన్ దగ్గరి ఒక గ్రౌండులో కొత్త కోచ్‌గా చుంగిల్ మొదటిసారి అడుగుపెట్టిన రోజున, శేషగిరి పళ్ళెంలో పళ్ళూ శాలువా పట్టుకొచ్చి, కూతురు శ్రావ్య చేత కోచ్ కాళ్ళకు దండం పెట్టించాడు. అక్కడి తెలుగు అమ్మాయిల ఫుట్‌బాల్ క్లబ్బుకు ప్రెసిడెంటు ఆయనే. కొరియా ఫుట్‌బాల్ ఆటగాడు కదా, పిల్లల్ని గడగడలాడిస్తాడని ఏరికోరి తెచ్చుకున్నాడు. "ఇక మీ చేతిలో పెట్టాం. రెండు తగిలించినా అడగం," అన్నాడు నవ్వుతూ.

చుంగిల్ చటుక్కున వెనక్కి జరిగాడు. అచ్చం ఆ మాటే ఒకప్పుడు తన తల్లి నడుము వంచి తన స్కూలు కోచ్‌తో అన్నది. ఆ పెద్దమనిషి దాన్ని తు.చ. తప్పకుండా అమలుచేశాడు. ఆ టీములో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ బూట్లు తుడవాలి, దెబ్బలు తినాలి, నోరెత్తకూడదు. చుంగిల్ మోకాలు వాచిన రోజున కూడా, "లే. ఐదు నిమిషాలే. నొప్పి సంగతి తర్వాత చూసుకుందాం," అన్నాడు. చుంగిల్ లేచాడు. ఆ మోకాలు మళ్ళీ బాగుపడలేదు. దాన్ని ఈడ్చుకుంటూనే కొరియాలో రెండో డివిజన్ దాకా వెళ్ళాడు, తర్వాత సిడ్నీ వచ్చి ఒక చిన్న క్లబ్బుకు ఆడాడు. చివరికి ఆపరేషనైంది, ఆట ఆగిపోయింది. ఆఫీసుల్లో నేల తుడుస్తూ కోచింగ్ చదువుకున్నాడు.

అందుకే తన టీములో ఒక పద్ధతి పెట్టాడు. అమ్మాయిలు తనను పేరుతోనే పిలవాలి. ప్రతి ప్రాక్టీసులో తాను కావాలని ఒక తప్పు మాట చెబుతాడు. అది పట్టుకుని 'నో' అనాలి.

మన పిల్లలు అంత తేలిగ్గా అంటారా? ఒకరోజు ఆ తప్పు మాటగా, గోల్‌పోస్టు చుట్టూ తిరుగుతూనే ఉండమని చెప్పి ఆయన కాఫీ తాగడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అందరూ నవగ్రహాల చుట్టూ తిరిగినట్టు ఇంకా ప్రదక్షిణలు చేస్తూనే ఉన్నారు. ఎందుకు ఆగలేదంటే, నువ్వే చెప్పావుగా అన్నారు. పక్కన కుర్చీలు వేసుకున్న తల్లిదండ్రులు ఎంత క్రమశిక్షణో అని మురిసిపోయారు. చుంగిల్‌కి ఒళ్ళు మండిపోయింది.

మొండిపట్టు పట్టాడు. మెల్లగా 'నో' అనేవాళ్ళు పెరిగారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. శ్రావ్య ఆ ముక్క ఇంటికీ తీసుకెళ్ళింది. కూచిపూడి క్లాసుకు నో, మూడో దోసెకు నో. శేషగిరి తిన్నగా గ్రౌండుకు వచ్చి, ఈ ఏడు ఫైనల్ గెలవకపోతే కోచ్‌ని మార్చేస్తామని తేల్చేశాడు. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ చీపురే గతి అని చుంగిల్‌కి తెలుసు. గెలిస్తే ఇలాగే గెలుస్తాను, పద్ధతి మాత్రం మార్చనన్నాడు.

ఫైనల్ నాడు చెరో గోలు అయింది. శ్రావ్య మడమ బెణికి బెంచీ మీద కూర్చుంది. ఆట ముగియబోతోంది. శ్రావ్యని ఆటలోకి దింపమని తాడు అవతల శేషగిరి ఒకటే గోల. చుంగిల్ గడియారం చూశాడు, స్కోరు చూశాడు. బెంచీ వైపు తిరిగాడు.

"లే, శ్రావ్యా. ఐదు నిమిషాలే. నొప్పి సంగతి తర్వాత చూసుకుందాం."

ఆ మాటలు ఎవరివో ఆయనకు ఆ క్షణంలో తట్టలేదు.

శ్రావ్య తలెత్తి సూటిగా చూసింది. "నో, చుంగిల్."

శేషగిరి తాడు దాటి వచ్చేశాడు. "సార్‌కే ఎదురు చెప్తావా? ముందు సారీ చెప్పు."

చుంగిల్ ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ఆ మాటలు ఎవరివో అప్పుడు తట్టింది. "తను చెప్పదు. చెప్పాల్సింది నేను," అన్నాడు. ఆ అమ్మాయి ముందు, ఈ దేశంలో ఎవరి ముందూ వంచనంతగా నడుము వంచి, వాళ్ళ ఊరి పద్ధతిలో క్షమాపణ అడిగాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా లేవడానికి తొందరపడలేదు.

ఆఖర్లో ఒక కార్నర్ కిక్కుకు గోల్ పడి మ్యాచ్ పోయింది.

శేషగిరి ఆగలేదు. చుంగిల్ ఎదుటే అమ్మాయిలందర్నీ గడ్డిలో కూర్చోబెట్టాడు. జరిగింది జరిగింది, మంగళవారం నుంచి కొత్త కోచ్ వస్తాడు, అందరూ టైముకు వచ్చేయాలి అని చెప్పాడు. అర్థమైందా అని అడిగాడు.

ప్రాక్టీసు కోన్లు ఏరుకుంటున్న చుంగిల్ అలాగే ఆగిపోయాడు.

గోల్‌కీపర్ అనీషా గ్లవ్స్ విప్పుతూ, "నో, అంకుల్," అంది మామూలుగా. పక్కనున్న పిల్ల అంది. ఆ పక్కది అంది. శేషగిరి చివరికి కూతురి వైపు చూశాడు.

శ్రావ్య మడమ మీద ఐసు ముక్కల సంచి సర్దుకుంది. "కుదరదు, నాన్నా," అంది, తెలుగులో.