నా వైపు, మీ వైపు

బొంగరం అనే పేరు అతనికి పెట్టింది బయటివాళ్లు కాదు, కన్నతల్లే. చిన్నప్పుడు పక్కింట్లో నిచ్చెన అడిగి రమ్మని పంపితే, వీధంతా ఓ చుట్టు చుట్టి తన ఇంటి తలుపే తట్టి, "అత్తా, మా అమ్మ నిచ్చెన అడగమంది" అన్నాడట. తలుపు తీసిన తల్లి నవ్వాలో ఏడవాలో తెలీక, "మా ఇంట్లో లేదు నాయనా, మీ అమ్మనే అడుగు" అందట. పెద్దయ్యాక ఆ బుద్ధి మారలేదు. చేతికి వ్యాను మాత్రం వచ్చింది.

అయితే ఇది బొంగరం కథ కాదు. అతని పక్క సీట్లో కూర్చుని కూర్చుని నడుము పట్టేసిన అతని భార్య కథ. ఆమెని అందరూ టైలరమ్మ అంటారు. అనడమే గాని, ఆమె మిషను ముందు కూర్చుని ఏళ్లయింది. మిషను మీద ఇప్పుడు అత్తగారి రేడియో కాపురం పెట్టింది.

మొగుడూపెళ్లాలది కర్టెన్ల పని. షాపువాళ్లు కుట్టించి ఇస్తారు, వీళ్లు ఇళ్లకు తీసుకెళ్లి తగిలించి వస్తారు. తగిలించడంలో బొంగరాన్ని మించినవాడు లేడు. రాడ్డు వెంట్రుకవాసి వాలినా రసమట్టం పెట్టకుండానే కనిపెట్టేస్తాడు. అదే మనిషిని ఆ ఇంట్లోంచి బయటికొచ్చాక, మనం ఎటునుంచి వచ్చామయ్యా అంటే ఆకాశంలోకి చూస్తాడు. పెళ్లైన కొత్తలో ఓ పొద్దున ఊరి చివరి ఇంటికని బయల్దేరి, సాయంత్రం ఇంకో ఊరి నుంచి ఫోన్ చేసి, "ఇక్కడివాళ్లకి కూడా కర్టెన్లు కావాలటే" అన్నాడు. మర్నాడు టైలరమ్మ మిషను మీద గుడ్డ కప్పి వ్యానెక్కింది. నాలుగు రోజులు దారి నేర్పి దిగిపోదామనుకుంది. దిగితే ఒట్టు.

కుడి, ఎడమ అంటే బొంగరానికి కాస్త వ్యవధి కావాలి. సుత్తి పట్టే చెయ్యి ఏదో గాల్లో ఆడించి చూసుకుని గాని తేల్చుకోలేడు. ఆలోపు మలుపు వెనక్కి వెళ్లిపోతుంది. అందుకని టైలరమ్మ మొదట్లోనే కుడి ఎడమల్ని రద్దు చేసి పారేసింది. "నా వైపు" అంటే ఆమె కూర్చున్న వైపు. "మీ వైపు" అంటే స్టీరింగు ముందు అతను కూర్చున్న వైపు. "ఎదురుగా" అంటే నోరు మూసుకుని పోవడం. ఆ మూడు మాటలతోనే సంసారం, వ్యాపారం రెండూ సాగిపోయాయి.

అలా సాగుతుండగా ఓ నాటకాల హాలుకి తెరలు తగిలించే పని వచ్చింది. బొంగరం నిచ్చెన మీద ఉన్నాడు. కింద ఊరికే నిలబడలేక టైలరమ్మ పక్కనున్న దుస్తుల గదిలోకి తొంగి చూసింది. అక్కడ వేలాడుతున్న రాజుగారి కోటు చంక కుట్టు చూసి ఆమెకి చేతులు దురద పెట్టాయి. కుట్టు విప్పి మళ్లీ కుట్టేసింది. ఆ గది పెద్దావిడ తిరిగొచ్చి కోటు చేతిలోకి తీసుకుంది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనేనండి. చంక పట్టేస్తుంటే విప్పి కుట్టాను. అలాగే ఉంటే ఈ రాజు చెయ్యెత్తి ఆజ్ఞ ఇవ్వగానే పర్రున చిరిగేది."

పెద్దావిడ కోటు తనే తొడుక్కుని చెయ్యెత్తి చూసింది. తర్వాత కళ్లజోడు మీదుగా టైలరమ్మని చూసింది. "పన్లో చేరతావా?"

చేరతానని టైలరమ్మ నోరు అనేసింది. వ్యాను సంగతి బుర్రకి తర్వాత గుర్తొచ్చింది.

ఆమె లేకుండా బొంగరాన్ని నడిపించాలని ఇంట్లో నానా పాట్లూ పడ్డారు. కాగితం మీద దారి గీసిస్తే తలకిందులుగా పట్టుకున్నాడు. పక్క సీట్లో అత్తగారిని కూర్చోబెడితే, ఆవిడ కర్టెన్లవాళ్ల ఇల్లు తప్ప తనకి తెలిసిన ఇళ్లన్నీ తిప్పి, ప్రతి ఇంట్లోనూ దిగి మంచినీళ్లు తాగి వచ్చింది. చివరికి టైలరమ్మ మరిది, తాను వాడి వదిలేసిన స్మార్ట్‌ఫోను అన్న చేతిలో పెట్టి, "ఇందులో ఓ యాప్ ఉంది వదినా. ఆకాశంలో శాటిలైట్లు చూసి దారి చెప్తుంది" అన్నాడు.

"మీ అన్నయ్యని చూస్తే శాటిలైట్లు కూడా దారి తప్పుతాయి" అంది గాని, టైలరమ్మ గుండెలో ఆశ పొంగింది.

యాప్ వచ్చింది. షాపులో చెప్పి పెట్టిన, ఫోన్ని వ్యాన్లో నిలబెట్టే స్టాండు మాత్రం రాలేదు. ఫోన్ల షాపతను నెత్తి గోక్కున్నాడు. "ఈ ఫోనుకి వ్యాన్లో ఆకాశం సరిగ్గా అందదక్కా. ఆ స్టాండులోనే ఇంకో యాంటెన్నా ఉంటుంది, స్పీకరు ఉంటుంది. రెండూ కలిస్తేనే పని. వచ్చే వారం వచ్చేస్తుంది."

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అయింది. అయినా ఆగలేక, కర్టెన్లు కట్టే పట్టీతో ఫోన్ని స్టీరింగు పక్కన బిగించి బయల్దేరారు. మొదటి గుంటలోనే ఫోను ఎగిరి బొంగరం కాళ్ల దగ్గర పడింది. తీసి చూస్తే వ్యాను చెరువు మధ్యలో ఉందని చూపిస్తోంది. వెనక కూర్చున్న అత్తగారు కిటికీలోంచి రోడ్డు చూసింది, ఫోన్ని చూసింది. "ఎందుకైనా మంచిది, కాళ్లు పైకి పెట్టుకోండి" అంది.

వచ్చే వారం వచ్చింది, స్టాండు రాలేదు. "ఓడలో ఉందక్కా" అన్నాడు షాపతను. తర్వాతి సారి "రేవులో దిగిందక్కా" అన్నాడు. ఆ తర్వాత "గోడౌన్లో ఉంది, ఏ గోడౌనో వెతుకుతున్నారు" అన్నాడు.

"తమ్ముడూ, దారి చూపించే సామాను అదే దారి తప్పితే ఇక మా ఆయనకి ఏం చూపిస్తుంది?"

"నేనేం చేసేదక్కా, కంపెనీవాళ్లు త్వరలో అంటున్నారు."

త్వరలో అనే మాట వింటే టైలరమ్మకి ఒళ్లు మండటం మొదలైంది. షాపు అద్దం మీద ఆ స్టాండు బొమ్మ అతికించారు, కింద అదే మాట తాటికాయంత అక్షరాల్లో. వ్యాను ఆ వీధిలోకి వచ్చినప్పుడల్లా ఆమె మొహం తిప్పుకునేది. మొహం తిప్పుకుంటే మలుపు చెప్పడం మర్చిపోయేది. మర్చిపోతే బొంగరం నేరుగా వెళ్లిపోయేవాడు. అలా ఆ స్టాండు రాకముందే వాళ్లని దారి తప్పించింది.

దుస్తుల గది పెద్దావిడ ఇక ఆగలేనని కబురు పెట్టింది. సోమవారం కొత్త నాటకానికి బట్ట వస్తుంది. కత్తిరింపు ఆ రోజే మొదలు. టైలరమ్మ రాకపోతే ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టేస్తుంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి టైలరమ్మ కాలు గాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది. బొంగరం ఓదార్చబోయాడు.

"పోనీలేవే. నువ్వు పక్కనుంటే నాకూ కాస్త తోస్తుంది."

"మీకు తోచడానికి నేను ముసలిదాన్నైపోవాలా?"

ఆ రాత్రి బొంగరం రేడియో దించి, మిషను మీద దుమ్ము తనే తుడిచాడు. చెప్పలేని మాట చేత్తో చెప్పే రకం.

శనివారం షాపతను ఫోన్ చేశాడు. స్టాండు వచ్చింది. అద్దానికి అతుక్కునే నల్లటి రబ్బరు బిళ్ల, దాని మీద ఫోను బిగించే పట్టు, యాంటెన్నా స్పీకరూ అందులోనే ఎక్కడో, అంతే. దీనికోసమా కళ్లు కాయలు కాసేలా చూసింది అనుకుంది టైలరమ్మ. అయినా ఇంటికి వచ్చేదాకా ఆ పెట్టె ఒళ్లోంచి దించలేదు.

ఆదివారం పొద్దున పరీక్ష. బొంగరం స్టాండుని తన ఎదురుగా, తలుపు పక్కన అద్దానికి అతికించాడు. ఈసారి ఫోన్లో వ్యాను చెరువులో లేదు, ఇంటి ముందే ఉంది. టైలరమ్మ పక్కన కూర్చుని, చచ్చినా నోరు విప్పనని ఒట్టేసుకుంది. తమాషా చూడ్డానికి అత్తగారు వెనకెక్కింది. ఫోన్లోంచి ఓ అమ్మాయి తేనె పూసినట్టు మాట్లాడింది.

"ఎడమకు తిరగండి."

బొంగరం స్టీరింగు మీంచి చెయ్యి తీసి సుత్తి కొడుతున్నట్టు గాల్లో ఆడించాడు. మలుపు దాటిపోయింది.

"దారి మళ్లీ వెతుకుతున్నాను. కుడికి తిరగండి."

మళ్లీ చెయ్యి, మళ్లీ మలుపు గోవిందా.

"దారి మళ్లీ వెతుకుతున్నాను" అంది ఆ అమ్మాయి, అదే తీపి గొంతుతో.

"ఆ పిల్లకి ఎంత ఓపికో చూశావుటే అమ్మాయ్. నువ్వైతే ఈపాటికి వీడి చెవి మెలేసేదానివి" అంది అత్తగారు.

బొంగరం వ్యాను పక్కకి ఆపి భార్య వైపు తిరిగాడు. "ఇంతకీ ఎడమ అంటే నీ వైపా, నా వైపా?"

"నా వైపు."

"మరి రేపు నువ్వుండవుగా. రేపు ఎవరి వైపు?"

టైలరమ్మకి తల గిర్రున తిరిగింది. అన్నేళ్లలో తాను ఒక్కసారైనా కుడి, ఎడమ అని అన్న పాపాన పోలేదు. ఈయన్ని ఇలా తయారు చేసింది ఎవరో కాదు, తనే. ఓడ మీద, రేవులో, గోడౌన్లో ఎక్కడెక్కడో చిక్కుకుని వచ్చిన సామాను ఇప్పుడు తన నోటి దగ్గర చిక్కుకుంది. షాపతన్ని తిట్టడానికి కూడా లేదు. కోపం పెట్టుకోవడానికి చోటు దొరక్క ఫోన్ని లాక్కుని దాని మీద కనిపించినవన్నీ నొక్కింది. అలా నొక్కుతుంటే ఒకచోట 'మీ గొంతు రికార్డు చేసుకోండి' అని వచ్చింది.

ఇంటికి రాగానే వ్యాను వెనక కర్టెన్ల మూటల మధ్య దూరి తలుపు మూసుకుంది. బయటి చప్పుడు వినబడకూడదని తల మీద మందపాటి పరదా ఒకటి కప్పుకుంది. ఫోనులో ఎడమ ఉన్నచోట, కుడి ఉన్నచోట తన మాటలు చెప్పింది. "నా వైపు తిరగండి. మీ వైపు తిరగండి. ఎదురుగా పోండి." 'వెనక్కి తిప్పండి' దగ్గరికి వచ్చేసరికి, అన్ని నెలల ఎదురుచూపంతా గొంతులోకి వచ్చేసి, "మళ్లీ దాటేశారా? తిప్పండి వెనక్కి" అని పడింది. తుడిచేద్దామనుకుని, ఎందుకులే అని ఉంచేసింది. ఆఖరిది 'వచ్చేశాం'. అది చెప్తుండగా అత్తగారు తలుపు బాది, "కొళాయి ఎవరు వదిలేశారే" అంది. అదీ రికార్డైంది. అప్పటికి టైలరమ్మకి ఓపిక అయిపోయింది.

మళ్లీ బయల్దేరారు. ఈసారి ఆమె పక్క సీటు ఖాళీగా వదిలి వెనక కూర్చుంది.

"నా వైపు తిరగండి" అంది ఫోను.

బొంగరం తడుముకోలేదు, చెయ్యి ఆడించలేదు. హాయిగా తన వైపుకే తిప్పేశాడు.

"మళ్లీ దాటేశారా? తిప్పండి వెనక్కి" అని ఫోను, "అయ్యో రాత" అని టైలరమ్మ ఒకేసారి అన్నారు.

"నామీద అరుస్తావేం? నువ్వు ఇక్కణ్ణుంచి మాట్లాడావు, నేను ఇటే తిరిగాను" అన్నాడు బొంగరం, తలుపు పక్కనున్న ఫోన్ని చూపించి.

అతను చెప్పింది ముమ్మాటికీ నిజం. అది ఆమెకి ఇంకా మండింది. దిగి వచ్చి, స్టాండుని అద్దం మీంచి బలంకొద్దీ పీకి, అటు చివర, తన ఖాళీ సీటు ఎదురుగా అతికించింది.

"అంత దూరం పెడితే నాకు బొమ్మ కనబడదే."

"ఇన్నాళ్లూ నన్ను చూసి నడిపారా, విని నడిపారా?"

"విని" అన్నాడు బొంగరం బుద్ధిగా.

"నా వైపు తిరగండి" అంది ఫోను, ఆమె చోటు నుంచి. వ్యాను చక్కగా ఆమె వైపు తిరిగింది. అడిగిన ఇంటి ముందుకే వెళ్లి ఆగింది. "వచ్చేశాం. కొళాయి ఎవరు వదిలేశారే" అంది ఫోను. వెనకున్న అత్తగారు ఉలిక్కిపడి, "నేను కట్టేశానే" అంది.

సోమవారం టైలరమ్మ దుస్తుల గదిలో కత్తెర పట్టుకుంది. నీలం మఖ్మల్ బల్ల నిండా పరిచి ఉంది. మొదటి కోత కోసేముందు తన పాత ఫోను మోగుతుందేమోనని చూసింది. మోగలేదు. మధ్యాహ్నం ఫోన్ చేసి, ఇది ఏ ఊరే అంటాడు అనుకుంది. అనలేదు. సాయంత్రానికి ఆమె వేళ్లకి కత్తెర కాయలు, మనసుకి చిరాకు రెండూ వచ్చాయి. ఒక్కసారైనా తప్పిపోడా మనిషి?

పెద్దావిడ ఆమె కత్తిరించిన ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, "రేపు త్వరగా రా" అని మాత్రం అంది.

గేటు బయట వ్యాను నిలబడి ఉంది. బొంగరం దిగి తలుపు తీశాడు, కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. "అన్ని ఇళ్లూ అయ్యాయి. ఒక్కచోట కూడా అడగలేదే ఎవర్నీ."

"సంతోషం" అంది ఆమె, ఏ కోశానా సంతోషం లేకుండా. తన సీట్లో కూర్చుంది. కళ్ల ముందు అడ్డంగా ఆ నల్ల స్టాండు.

చౌరస్తా వచ్చింది. సాయంత్రం పూట మార్కెట్టు పక్కనుంచి పోతే ఇరుక్కుంటారని ఆమెకి తెలుసు. "మీ వైపు" అంది.

"నా వైపు తిరగండి" అంది స్టాండు, ఆమె గొంతుతోనే.

బొంగరం రెప్ప కూడా వెయ్యకుండా స్టాండు చెప్పినట్టు తిప్పాడు.

"నేను చెప్పింది వినబడలేదా?"

"వినబడింది. రెండూ నువ్వే కదా అని, పొద్దుట్నుంచీ తిట్టకుండా చెప్తున్నదాని మాట విన్నాను."

టైలరమ్మ చీరకి అంటుకున్న నీలం పోగులు ఒక్కోటీ ఏరుతూ కూర్చుంది. మార్కెట్టు పక్కన కచ్చితంగా ఇరుక్కుంటారు, అప్పుడు అడుగుతాను అనుకుంది. రోడ్డు ఖాళీగా ఉంది. వ్యాను ఎక్కడా ఆగలేదు. అసలు ఆమెకి ఒళ్లు మండింది అందుకే.