అన్న మోచెయ్యి

ఆ సోమవారం పొద్దున సరిగ్గా ఎనిమిది గంటలకు కడప బస్టాండు దగ్గర మంగలి ముందు కూర్చుని గడ్డం గీయించుకున్నాను. టైము గుర్తుండడానికి కారణం ఉంది. తొమ్మిదికి బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబడాలి. డ్రైవింగు పరీక్ష పెట్టి లైసెన్సు ఇచ్చే అధికారిని మా వైపు అలాగే అంటారు. ఆయనకు శుభ్రంగా కనపడాలని నా తాపత్రయం.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. యుద్ధంలో బర్మా నుంచి నడిచివచ్చినప్పుడు శవాల పక్కనే పడుకోవలసి వచ్చింది. ఒక్కటీ లేచి పలకరించలేదు. ఎవరైనా ఇలాంటి సంగతులు చెబితే మర్యాదగా విని లేచిపోయే రకం నేను. ఇప్పుడు నేనే చెబుతున్నాను కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పి, తెలియనిది తెలియదని ఒప్పుకుంటాను.

ముందు మా అన్న గురించి చెప్పాలి.

మా నాయన కమలాపురం దగ్గరి పల్లె నుంచి కరువులో బయలుదేరి, మద్రాసులో ఓడెక్కి రంగూన్ చేరాడు. అన్నా నేనూ అక్కడే పుట్టాం. అన్న నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నాయన పోయాక నన్ను పెంచింది ఆయనే. బియ్యం మిల్లు లారీ తోలేవాడు. ఒకసారి ఇంజను స్టార్టు చేయడానికి హ్యాండిలు తిప్పుతుంటే అది ఎదురు తన్ని కుడి మోచెయ్యి విరిగింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి మళ్లీ ఎప్పుడూ పూర్తిగా చాపడానికి రాలేదు.

ఆ రోజుల్లో బండ్లకు లైట్ల సిగ్నళ్లు లేవు. కుడివైపు తిరగాలంటే డ్రైవరు కుడి చెయ్యి కిటికీలోంచి బారుగా చాపి చూపాలి. అన్న చెయ్యి సగమే వచ్చేది. అందుకని భుజం మీది తువ్వాలు తీసి పిడికిట్లో పట్టుకుని బయటికి వేలాడేసేవాడు. చెయ్యి కనపడకపోయినా తువ్వాలు కనపడేది. లైసెన్సు చెయ్యి విరగక ముందే వచ్చింది కాబట్టి అక్కడ ఎవరూ అడగలేదు. అలా తోలేవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

రంగూన్ మీద బాంబులు పడ్డాక అమ్మను ఎలాగో ఓడ ఎక్కించాం. మా ఇద్దరికీ చోటు దొరకలేదు. నడిచాం. అప్పటికి నాకు పదహారేళ్లు. కొండదారిలో అన్నకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. చివర్లో ఆయనకు ఒకటే దిగులు. ఈ లైసెన్సు ఇండియాలో చెల్లదు, మళ్లీ పరీక్ష పెడతారు, ఈ చెయ్యి చూసి ఇస్తారా అని. ఇస్తారని నేను చెబుతూ ఉన్నాను. కాసేపటికి మళ్లీ అదే అడిగేవాడు.

నా ఒళ్లోనే పోయాడు. లైసెన్సు ఆయన చొక్కా జేబులోనే ఉంచి, నాకు చేతనైనంత మట్టి, రాళ్లు కప్పాను. ఆయన పోయిన విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. తర్వాత చెప్పబోయేదానికి ఈ మాట ముఖ్యం.

కమలాపురంలో మేనమామ ఇంట్లో ఉన్న అమ్మ దగ్గరికి చేరి సంగతి చెప్పాను. అమ్మ ఏడవలేదు. పిల్లవాడివి, జ్వరంలో ఉన్నావు, నీకేం తెలుసు అంది. శవాన్ని చూడనిదే కర్మ చేయించనంది. ఆ రోజు నుంచి ప్రతి పూటా అన్న పేర ఒక కంచం పెట్టేది. అందులో సంగటి ముద్ద పెట్టి, మా తిండ్లయ్యాక తీసి ఆవుకు వేసేది. అన్నం వేళకు వాడు వస్తే కంచం లేదనిపించుకోకూడదని ఆమె మాట.

యుద్ధం ముగిశాక బతుకుదెరువు కోసం నేను మళ్లీ రంగూన్ పోయాను. అక్కడే లారీ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. తర్వాత అక్కడ మనలాంటి వాళ్లకు పని దొరకడం కష్టమైంది. యాభై నాలుగులో వచ్చేశాను. మనదే దేశం అంటారు కానీ, పుట్టి పెరిగింది అక్కడ కాబట్టి నాకు ఇదే పరదేశం. నీళ్లు కొలిచి పోసుకోవడం కొత్త. అక్కడి లైసెన్సు ఇక్కడ చెల్లదన్నారు. అన్న భయపడినట్టే.

మామ మమ్మల్ని వెళ్లగొట్టలేదు. ఉంచుకున్నాడు, అంతే. వేరుశనక్కాయ బస్తాలు పెట్టే కొట్టంలో అమ్మకూ నాకూ చోటిచ్చాడు. విత్తనం దొంగలెత్తుకుపోతారని చీకటి పడగానే తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టేవాడు. లోపల మేమున్నామన్న సంగతి ఆయనకు అడ్డు కాలేదు. కిటికీ లేదు. శనక్కాయల దుమ్ముకు అమ్మ దగ్గుతూనే ఉండేది. పగలు నేను బస్తాలు మోసేవాణ్ణి. నా మోత చూసి మామ నలుగురిలో నవ్వేవాడు. "రంగూన్ దొరప్పా. బస్తా ఎత్తేకి నడుం ల్యా, బండి తోలేకి కాయితం ల్యా" అనేవాడు. అందులో అబద్ధం లేదు కాబట్టి నేను మాట్లాడేవాణ్ణి కాదు.

ఆ పరిస్థితిలో కడపలో ఒక శెట్టి నాకు పని ఇస్తానన్నాడు. ఆయనకు అంగడితో పాటు రాయచోటికి పోయే బస్సు ఒకటి ఉంది. డ్రైవరు మానేశాడు. పనితో పాటు బస్సు షెడ్డు వెనక ఒక గది. దానికి లోపల గడియ ఉంది. నేను మొదట చూసింది అదే. కాకపోతే ఆ వారంలో లైసెన్సు తేవాలి. లేకుంటే ప్రొద్దుటూరు నుంచి వేరే డ్రైవరును పిలుస్తానని ముందే చెప్పాడు. పరీక్షకు తన బస్సే ఇచ్చి, తానూ వెంట వచ్చాడు.

తొమ్మిదికి ఆఫీసు ముందు నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు ఆదోని వైపు మనిషి, యాభై దాటినవాడు. చెయ్యి తడపనివ్వడని, ఒకసారి కాదంటే కాదేనని పేరు. నేను ఆయన్ని చూడడం అదే మొదలు. ఆయన నన్ను చూసి తెలిసినవాణ్ణి చూసినట్టు ఆగాడు.

"మల్ల ఎందుకొచ్చినావప్పా? పోయిన బేస్తవారమే తోలి చూపిస్తివి కదా" అన్నాడు.

నేను కాదన్నాను. ఎవరో అనుకుంటున్నారన్నాను. ఆయన నా పేరు చెప్పాడు. రంగూన్ నుంచి వచ్చానని చెప్పాడు. ఆ రోజు ఒక లారీ తెచ్చానట. బాగా తోలానట. పాసు చేసి, కాగితం మీద సంతకం పెట్టడానికి లోపలికి పోయి వచ్చేసరికి లారీ లేదు, నేనూ లేనట. మళ్లీ వస్తాడులే అనుకున్నాడట. లారీ ఎవరిదని శెట్టి అడిగితే మాత్రం గుర్తులేదన్నాడు. జిల్లాలో ఏ బండి ఎవరిదో చప్పుడు విని చెప్పగల మనిషికి అది గుర్తులేదు.

ఆ గురువారం నేను కమలాపురంలో పొద్దుగూకే దాకా బస్తాలు మోశాను. మామ పక్కనే ఉన్నాడు. అది చెప్పాను. ఆయన ముఖం మారింది.

"నీ బదులు ఇంగొకన్ని పంపిచ్చింటే ఈ జిల్లాలో నీకు లైసెన్సు రాదు. నువ్వే వచ్చింటే ఇప్పుడే సంతకం పెడ్తా, తీసుకోని పో. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు."

శెట్టి నన్ను పక్కకు లాగాడు. "ఎవురో పుణ్యాత్ముడు నీ కోసరం కష్టపడినాడు. ఔనను, తీసుకో, బండెక్కు. దాంట్లో పోయేదేముండాది?" అని గొణిగాడు.

నిజం చెబితే మోసగాణ్ణి. అబద్ధం చెబితే డ్రైవర్ని. మామ గొళ్లెం గుర్తొచ్చింది. అమ్మ దగ్గు గుర్తొచ్చింది. ఔననడానికే నోరు తెరిచానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఈలోగా ఇన్‌స్పెక్టరే, కోపం కొంచెం తగ్గి, ఒక మాట అడిగాడు.

"ఆ చెయ్యి ఇప్పుడెట్ల ఉండాది?"

ఏ చెయ్యి అన్నాను.

"అదేమప్పా, మోచెయ్యి. సక్కగ చాపేకి రాదంటివి. తువాలు బయటికేసి చూపిస్తివి. ఇట్లాంటోన్ని పాసు చేయాల్నా వద్దా అని శానాసేపు ఆలోచన చేస్తి."

శెట్టికి ఆ మాట అర్థం కాలేదు. నేను అక్కడి మెట్టు మీద కూర్చున్నాను. కడపలో మా అన్న పేరు కూడా ఎవరికీ తెలియదు. అన్నను మామే ఏనాడూ చూడలేదు. ఆ చెయ్యి సంగతి తెలిసినవాళ్లం ఈ దేశంలో ఇద్దరమే, అమ్మా నేనూ. అమ్మ కమలాపురం దాటి రాలేదు.

లేచి నా కుడి చెయ్యి ఆయన ముందు బారుగా చాపాను. ఆయన మోచేతి దగ్గర పట్టుకుని చూశాడు, సంతలో ఎద్దు కాలు చూసినట్టు. అప్పుడు అన్న సంగతంతా చెప్పాను. చనిపోయి పన్నెండేళ్లయిందని కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. వచ్చిన మనిషి వయసెంతని నేను అడిగితే, నీ అంతే అన్నాడు. అన్న పోయినప్పుడు ఆయన వయసు ఇరవై ఎనిమిది. ఆ రోజు నా వయసూ అంతే.

చివరికి "బండెక్కు" అన్నాడు.

రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు దాకా తోలమన్నాడు. ఆయన నా ఎడమ పక్కన, శెట్టి వెనక సీట్లో. ఎక్కేటప్పుడు ఏమీ జరగలేదు. గేర్లు సరిగ్గా పడ్డాయి. పైన బండి తిప్పి దిగడం మొదలుపెట్టాను. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వెనక ఒక లారీ వస్తోంది. కొంత దిగాక, కుడివైపు కంకర తోలే మట్టిదారిలోకి తిప్పమన్నాడు ఇన్‌స్పెక్టరు. ఎదురుగా రెండు ఎద్దులబండ్లు ఎక్కి వస్తున్నాయి.

చెయ్యి బయటికి పెట్టాను. సగం వచ్చి ఆగిపోయింది.

నొప్పి లేదు, తిమ్మిరి లేదు. బయట గొళ్లెం పడిన తలుపును లోపలి నుంచి తోసినట్టుంది. బలమంతా పెట్టి చాపబోయాను. రాలేదు. వెనక లారీ హారను కొడుతోంది. ఒక చేత్తోనే స్టీరింగు పట్టుకుని ఉన్నాను. ఆపడానికి చోటు లేదు. బండిలోంచి, ఆ చేతిలోంచి బయటపడే దారి లేదనిపించింది. మోచెయ్యి వంగే ఉంది కాబట్టి వేళ్లు నా భుజం మీది తువ్వాలుకు తగిలాయి. నేను అనుకుని చేసింది కాదు. తువ్వాలు పిడికిట్లోకి తీసుకుని బయటికి వేలాడేశాను.

ఎద్దులబండ్లు ఆగాయి. వెనక లారీ నెమ్మదించింది. నేను బండి తిప్పాను.

ఇన్‌స్పెక్టరు చూశాడు. కడప చేరేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఆఫీసు ముందు దిగాక చెయ్యి చాపమన్నాడు. చాపాను. పొద్దున్నలాగే బారుగా వచ్చింది. ఈసారి పట్టుకుని చూడలేదు. లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఆగి, నేను బండి దగ్గరే ఉన్నానా లేదా అని ఒకసారి వెనక్కి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాగితాలు ఇస్తూ మెల్లగా అన్నాడు: "ఇద్దరికీ కలిపి ఒకటే ఇస్తాండా. ఈ మాట యాడా అనొద్దు."

ఆయన బతికి ఉన్నంత కాలం నేను అనలేదు, ఒక్క అమ్మతో తప్ప.

ఆ సాయంత్రం కమలాపురం పోయి చెప్పాను. అమ్మ చాటలో రాగులు చెరుగుతూ వింది. అన్నను తలచుకుని ఏడుస్తుందనుకున్నాను. ఆమె రెండే అడిగింది. తువ్వాలు బయటికేసి చూపించాడా అని. చూపించాడట అన్నాను. ఇన్‌స్పెక్టరు పాసన్నాడా అని. అన్నాడట అన్నాను. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

చీకటి పడకముందే తిండికి కూర్చున్నాం. అమ్మ రెండు కంచాలే పెట్టింది. నేను ముద్ద ముట్టకుండా అన్న కంచం వైపు చూశాను. అది కడిగి గోడకు బోర్లించి ఉంది. మరిచిపోయిందేమోనని లేచి తేబోయాను.

"కూచో నాయనా" అంది. "వానికి లైసెన్సు వచ్చిండాది. ఇంగ వాని తిండి వాడు చూసుకుంటాడు."

అన్న పోయాడని పన్నెండేళ్లుగా నేను చెబుతున్నాను. ఆమె వినలేదు. ఆ పూట మాత్రం ఆ కంచం పెట్టమని బతిమాలింది నేను. ఆమె పెట్టలేదు. నెల తిరగకుండా కర్మ కూడా చేయించింది. అప్పటికి మేం కడపలో, లోపల గడియ ఉన్న గదిలో ఉన్నాం.

భయానికి నరాలు బిగుసుకుని నా చెయ్యి ఆగిపోయి ఉండవచ్చు. ఇన్‌స్పెక్టరు మాట విన్నాక ఆ ఊహే నన్ను పట్టుకుని ఉండవచ్చు. అంతవరకు నాకు నేను చెప్పుకోగలను. కానీ ఆయన ఆ మోచెయ్యి సంగతి ఎత్తింది నేను బండెక్కక ముందు, అన్న గురించి నోరు తెరవక ముందు. చాలా ఏళ్లు ఆ ఘాటులోనే బస్సు తోలాను. ఆ మట్టిదారి దగ్గర ప్రతిసారీ చెయ్యి చాపి చూసుకునేవాణ్ణి. బారుగానే వచ్చేది.

మా ఇంట్లో ఇప్పుడు మూడో కంచం పెట్టడం లేదు.