సీలు తీయని గ్లవ్స్

క్షమించడం గొప్ప గుణమంటారు. నాకా గుణం లేదు.

సుక్మాలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో నేను అటెండర్‌ని. ఇన్‌చార్జి సారు ఆంధ్రా మనిషి. రబ్బరు గ్లవ్స్‌ని సీలు కూడా తీయకుండా బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకునేవాడు. అడిగితే ఒకటే మాట. "వాడితే పాతబడిపోతాయమ్మా. రేపు ఎవరైనా నిరీక్షణ్‌కి, అదే తనిఖీకి, వస్తే ఏం చూపించమంటావ్?"

ఒక ఎండాకాలం యాసిడ్ సీసా గాజుమూత బిగుసుకుపోయింది. గట్టిగా తిప్పేసరికి ఒక్కసారిగా ఊడి, యాసిడ్ నా ఎడమ చేతి మీద పడింది. పక్కనే నల్లా ఉంది. అయినా నేను సంచిలోంచి ఇప్పనూనె తీసి రాసుకున్నాను. మా గొల్లపల్లి వైపు కాలినా తెగినా అదే మందు. ముందు నీళ్లు పోసుకోవాలని నేను చేరిన నాలుగేళ్లలో సారు ఒక్కసారి చెప్పిన పాపాన పోలేదు. ఆసుపత్రిలో డాక్టరు తల పట్టుకున్నాడు. రెండు వేళ్లు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు.

అంతటితో పోతే నా ఖర్మ అనుకునేదాన్ని. కానీ సారు రిపోర్టులో, అటెండర్ నిర్లక్ష్యంగా గ్లవ్స్ వేసుకోలేదని రాసి, దాని కింద నా చేతే సంతకం పెట్టించాడు. నాది పాముపగ.

రెండేళ్ల తర్వాత, దుమ్ము దులపమని సారే బీరువా తెరిచి ఇచ్చాడు. గ్లవ్స్ ప్యాకెట్ నొక్కి చూశాను. ఎండలకు రబ్బరు పెళుసై, గ్లవ్స్ ఒకదానికొకటి అంటుకుపోయాయి. నాకు నవ్వొచ్చింది. నెలలో పై అధికారి వస్తాడని తెలుసు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆ నెలంతా హాయిగా నిద్రపోయాను.

అధికారి వచ్చిన రోజు సారు బీరువా బార్లా తెరిచాడు. "అన్నీ కొత్తవే సార్."

నేను ముందుకు జరిగాను. "ఒక్క జత ఏసుకొని సూపియ్యుండ్రి సారూ. ఎట్ల ఏసుకోవాల్నో తెల్వకనే గద నా చెయ్యి కాలింది." అధికారికి తెలుగు రాదు. అందుకని అదే మాట హిందీలోనూ చెప్పాను.

అధికారి ఊఁ అన్నాడు. సారు ప్యాకెట్ చింపి వేళ్లు దూర్చబోయాడు. రబ్బరు ముక్కలు ముక్కలై బూట్ల మీద రాలింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను కళ్లు తిప్పుకోకుండా చూశాను. అధికారి నా మీద రాసిన పాత రిపోర్టు తెప్పించుకొని చదివాడు. సారుకు ఇన్‌చార్జి పదవి పోయింది. వారం తిరక్కుండా కొత్త గ్లవ్స్ వచ్చాయి.

వాటిని నేనే పంచాను. ప్రాక్టికల్స్ చేసే ఆడపిల్లల్లో మా ఊరివైపు పిల్ల ఒకతి అరచేతులు తిప్పి చూసుకుంటూ అడిగింది.

"అక్కా, పోయిన నెలంతా ఉత్త చేతులతోనే యాసిడ్ పట్టినం. పాతయి పాడైనయని నీకు ఎప్పుడు ఎరుక?"

"ఆ సారు ఏసుకున్న దినమే" అన్నాను.

ఆ పిల్ల నమ్మింది.