బతికున్న మనిషి బొమ్మ

తిరువూరులో నా చేతికి పని దొరికేది ఎవరైనా పోయినప్పుడే. పెద్దకర్మ నాటికి పెన్సిల్ బొమ్మ కావాలంటూ ఆధార్ కార్డో, పెళ్లి ఆల్బమ్‌లో ఓ మూల నిలబడ్డ ఫొటోనో తెస్తారు. దానిమీద గళ్లు గీసుకుని, గడి తర్వాత గడి కాగితం మీదికి ఎక్కిస్తాను. కళ్లు మాత్రం బతికున్నట్టే ఉండాలండి అంటారు అందరూ. నా తలకాయ, ఆధార్ ఫొటోలో కళ్లెక్కడుంటాయి?

అందుకే అమ్మ తన బొమ్మ గీస్తానంటే ఏనాడూ ఒప్పుకోలేదు. "నువ్వు గీసినోళ్లలో ఒక్కరన్నా బతికున్నారా?" అనేది.

ఈ వేసవిలో ఆమె కడుపులో గడ్డ ఉందని, ఆపరేషన్ చేయాలని అన్నారు. పొద్దున్నే విజయవాడ బస్సెక్కాలనగా ముందురోజు మధ్యాహ్నం, వరండాలో చింతపండు గింజలు తీస్తూ, "నా బొమ్మ గీస్తానన్నావుగా, గీసుకో" అంది. నేను అడగకుండానే. లోపలికెళ్లి కాగితం, పెన్సిల్ తెచ్చుకున్నాను.

మొదలుపెట్టాక తెలిసింది, కదిలే మనిషిని గీయడం నాకు రాదని. తల తిప్పుతుంది, ఈగను తోలుతుంది, రెడ్డిగూడెం నుంచి మామిడికాయలు ఇంకా రాలేదేంటని గొణుగుతుంది. చెంప గీసి చెరిపాను. లేచి మంచినీళ్లు తాగొచ్చాను. మొన ఉన్న పెన్సిల్‌నే మళ్లీ చెక్కాను. కాగితం మీద ఆమె మొహం నా దగ్గరికొచ్చే ఫొటోల్లాగే బిగుసుకుపోతోంది. నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది.

"కాసేపు కదలకుండా ఉండలేవా?" అని కసిరాను.

ఆమె చింతపండు పక్కకు నెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నావైపు తిరిగి కూర్చుంది. అలా చూస్తే అచ్చం పెద్దకర్మ ఫొటోలాగే ఉంది.

"వద్దులే అమ్మా. ఆపరేషన్ అయ్యి వచ్చాక గీస్తాను."

"ఇప్పుడే గీయి. మీ నాన్న పోయినప్పుడు ఇంటినిండా జనం ఏడుస్తుంటే, నువ్వు గదిలో తలుపేసుకుని ఆయన బొమ్మ గీస్తూ కూర్చున్నావు. చేయాల్సిన తంతుకు తప్ప, పెద్దకర్మ దాకా బయటికి రాలేదు. బొమ్మ బాగుందని అందరూ అన్నారు. నువ్వు మాత్రం ఏడవలేదురా. రేపు నాకేమన్నా అయితే నీకా పని ఉండకూడదు. అందరితోపాటు కూర్చుని ఏడువు."

పెన్సిల్ పట్టుకునే ఏడ్చాను. నాన్న పోయిన ఇన్నాళ్లకు. నేను కుదుటపడేదాకా అమ్మ కదలకుండా అలాగే కూర్చుంది.